అత్తయ్యగారి వలస దారి

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీరు క్షేమంగా చేరారని మా ఆఫీసరుగారు చెప్పారు. కంగారుపడకండి. మీరు కీచెయిన్ అనుకుని సంచీకి తగిలించుకెళ్ళింది వలస వెళ్ళే నీటిపక్షి కాలికి కట్టాల్సిన ట్రాకర్. కట్టేశానని ఆయనకి నేను ముందే చెప్పేశాను.

మీరు సముద్రతీరం వెంట బస్సులో వెళ్తుంటే ఆయన మ్యాపు చూసి మురిసిపోయారు. "చూడవయ్యా, మన పిట్ట ఊరూరా ఆగి మేస్తోంది!" అన్నారు. ఆ మాట ఆయనది, నాది కాదు. మీ చిన్నమ్మాయి ఇల్లు దాని శీతాకాలపు విడిదట.

దయచేసి ట్రాకర్‌ని అక్కడ వదిలేయకండి, పిట్ట చచ్చిపోయిందనుకుంటారు. మీరే వెనక్కి తీసుకురండి.

ఈ జాతి పక్షులు బయలుదేరిన చోటికే తిరిగొచ్చి ఆర్నెల్లు ఉంటాయని ఆయన రిపోర్టు రాశారు. మీ పెద్దమ్మాయి అది చదివి, అప్పుడే ఇక్కడ మీ గది సర్దేసింది.

మీ రాకకు గుండె దిటవు చేసుకుంటున్న
పెద్దల్లుడు