షట్టర్ దించేటప్పటి పాట

ఏమండీ,

మీరు పోయాక రాస్తున్న ఈ ఉత్తరం మీకు చేరదని తెలుసు. ఎదురుగా ఉన్నప్పుడు చెప్పినవి మాత్రం ఏం చేరాయి కనుక. అబిడ్స్‌లో మన బట్టల కొట్టు ఈ రోజుతో మూసేశాం.

పొద్దున మొదటి బేరం ఒక ఇండోనేషియా పిల్లది. ఇక్కడ చదువుకుంటోందట. ఊరు, మీరు ఉద్యోగం చేసొచ్చిన సురబయే. ఆ పేరు వినగానే, మీరు రోజూ చేసినట్టే, ఆమె ఇచ్చిన బోణీ నోటును తానులన్నిటికీ తాకిస్తూ "లారిస్, లారిస్" అన్నాను. అమ్ముడుపోండర్రా అని బట్టలను బతిమాలడమేమిటని మిమ్మల్ని ఎగతాళి చేసినదాన్నే.

"మా అమ్మమ్మ కూరగాయల కొట్లో ఇలాగే చేస్తుంది" అని ఇంగ్లీషులో చెప్పి, ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం మూసెయ్యమంటే మన పనివాడు యాదగిరి కదలడే. "ఈ ఆఖరి రోజన్న సార్ పాట లేకుండ షట్టర్ గుంజబుద్ధైతలేదమ్మా" అన్నాడు. సురబయలో మీరు అద్దెకున్న ఇంటాయన నేర్పాడంటూ, మీరు రోజూ ఆ వేళకు వాళ్ల భాషలోనే పాడే సూఫీ భక్తి పద్యం అది. "పొద్దున బేరానికీ, సాయంత్రం దేవుడికీ ఒకటే భాషా?" అనేదాన్ని. "అక్కడ పొద్దున అమ్మేవాడే సాయంత్రం పాడతాడోయ్" అనేవారు.

నేనే పాడాను. ఈ గోల ఎప్పుడు ఆపుతారని రోజూ విసుక్కున్నదాన్నే. అయినా అర్థం తెలియకుండానే చివరి మాట దాకా నోటికి వచ్చింది.

యాదగిరి అప్పుడు షట్టర్ దించాడు.