ఇద్దరు వెంకటమునులు

ఐరాల,
12 ఆగస్టు 2002

చి.ల.సౌ. నవీనకు మామ దీవెనలు. మీ అత్తా నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ మావాడు రఘునాథూ అలాగే ఉన్నారని తలుస్తాను.

కంటి సంగతి అడిగావు. శుక్లం తీశాక అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి. తిరుపతిలో నాతో పనిచేసిన లెక్చరర్లు అప్పుడప్పుడు వస్తారు. రిటైరయ్యాక పుస్తకం ముట్టని ఆ మేధావులు నేను కంప్యూటర్ భాష నేర్చుకునే పెర్ల్ పుస్తకం చూసి నవ్వుతారు. వాళ్ల నోరు మూయించాలనే పాల సొసైటీకి ఎవరి పాలల్లో వెన్న ఎంతో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం రాశాను. అది ఎలా నడుస్తోందని నువ్వు రెండు ఉత్తరాల్లో అడిగావు. నేను కంటి గురించే రాశాను.

"మామా, ఒక్కొక్కరి లెక్క దాచే వేరియబుల్‌కు ఆ మనిషి పేరే పెట్టొద్దు. సభ్యత్వ నంబరు పెట్టి హ్యాష్ అనే పట్టికలో దాచండి" అని ముందే చెప్పావు. మనుషులను నంబర్లతో పిలవడానికి ఇది జైలు కాదన్నాను. ఫైల్లో ఏ పేరొస్తే ఆ పేరుతోనే వేరియబుల్ పుట్టేలా రెండు డాలర్ గుర్తులు పెట్టాను. పెర్ల్ ఒప్పుకోనని మొరాయిస్తే, ఇలాంటి పనులను అడ్డుకునే స్ట్రిక్ట్ అన్న లైనే తీసేశాను.

తాత పేరు మనవళ్లందరికీ పెట్టే ఊరు మనది. వెంకటమునులు ఇద్దరు, అన్నదమ్ముల బిడ్డలు. ఇద్దరి పాల వెన్న శాతం ఒకే వేరియబుల్లో పడింది. రెండోవాడి పలుచని పాలు మొదటివాడి చిక్కని పాల లెక్కను చెరిపేశాయి. రెండోవాడు నీళ్లు కలుపుతాడని అందరికీ తెలుసు, పాలు వద్దనగానే క్యాన్ ఎత్తుకుని పోయాడు. మొదటివాడు క్యాన్‌తో నా ముందు నిలబడ్డాడు.

"అయ్యవారూ, నా పాలల్లో నీళ్లుండాయని మీ పెట్టె చెప్పిందంట. అది మా ఆవును సూసిందా?"

"యంత్రానికి నీమీద పగ యాడిదప్పా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి రోజూ పరీక్ష చేయడం, పెట్టె చూపిన శాతం చూసి అతని పాలు వెనక్కి పంపడం.

వారం పోయాక కార్యదర్శి మునిరత్నం, "ఇద్దరికీ రోజూ ఒకే శాతం ఎట్లొస్తాది?" అని పదిమందిలో అడిగాడు. తప్పు ఎక్కడుందో ఆ క్షణమే తెలిసింది. నా నోటి నుంచి వచ్చింది మాత్రం వేరు. "అది మా కోడలు రాసిందప్పా" అన్నాను.

"ఆడబిడ్డ లెక్క అట్లే ఉంటాదిలే" అన్నాడొకడు. నేనూ నవ్వాను, నవీనా.

నిజం చెబుదామని నిన్న ఆ మొదటి వెంకటముని ఇంటికి వెళ్లాను. మంచం వాల్చి మజ్జిగ ఇచ్చాడు. "ఆ పాపను ఏమీ అనొద్దండి అయ్యవారూ. చిన్నబిడ్డ, తెలీక చేసింటాది" అన్నాడు. మజ్జిగ తాగి వచ్చేశాను.

ఆదివారం నువ్వు వస్తున్నావు. రేపు పొద్దున పాలు పోసే వేళ, రాసింది నేనేనని, నువ్వు వద్దన్నా వినలేదని అందరి ముందూ చెబుతాను. అంతకంటే ముందు ఈ ఉత్తరం పోస్టులో వేస్తాను. ఆ తర్వాత వెనక్కి రావడానికి నాకు దారి ఉండదు.

ఇట్లు,
నీ పేరు వాడుకున్న మామ,
గంగాధరం