రెండోసారి లెక్క

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రాజమండ్రిలో నీకు రేడియేషన్ ఇచ్చిన ఆసుపత్రివాళ్ళు పిలిస్తే వెళ్ళాను. కంప్యూటర్ నీ మోతాదు ఎక్కువగా లెక్కేసిందనీ, దాన్ని ఎవరూ సరిచూడలేదనీ ఇన్నాళ్ళకి ఒప్పుకున్నారు. "ఇకమీదట ఇంకో మనిషి విడిగా లెక్కేశాకే మిషన్ వేస్తామండి. మంచి మార్పే కదండి" అన్నాడు డాక్టరు. చెంప పగలగొట్టాలనిపించింది.

"మా అక్క నరసాపురంలో లేసు అల్లేదండి. ఒక్కో పువ్వుకీ రేకులు తను లెక్కపెట్టుకుని, మళ్ళీ పక్కింటావిడ చేత లెక్కపెట్టించేది. టేబుల్ మీద పరిచే గుడ్డకండి, అంత జాగ్రత్త!" అని అరిచాను.

రేడియేషన్ మొదలైన మూడో రోజే నువ్వు ఒళ్ళు కాలిపోతోందన్నావు. "కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా" అని నిన్నే కసిరారు.

వాళ్ళకంటే నా మీదే నాకు ఎక్కువ కోపం. ఓర్చుకోమని చెప్పి, చెయ్యి పట్టుకుని నిన్ను మళ్ళీ ఆ మిషన్ బల్ల ఎక్కించింది నేనే.