రవి వేసిన ఓటు

నవంబర్ 3
గుడి కమిటీ వాళ్ళు మళ్ళీ వచ్చారు. టీ ఇచ్చి వంటింట్లోనే నిలబడ్డాను. "మసీదు కట్టడానికి పర్మిషన్ ఇస్తే మా సపోర్ట్ మర్చిపో రవీ." మా ఆయన రవి నవ్వి ఊరుకున్నాడు. ఈ అమెరికా ఊళ్ళో ఆయన మెంబర్‌గా ఉన్న సిటీ కౌన్సిల్‌లో ఓటింగ్ వచ్చే సోమవారం.

నవంబర్ 4
కాలేజీలో ఈ వారం నేను చెప్పే పాఠం ఫ్రాన్స్ మతయుద్ధాలు. ప్రొటెస్టెంట్ రాజును చచ్చినా రానివ్వమని ఒట్టేసుకున్న పారిస్ పెద్దలు... అతను వాళ్ళ కాథలిక్ మతంలోకి మారాక వాళ్ళలో కొందరే కోట తలుపులు తెరిచారు. "వాళ్ళ మనసు మారిందా ప్రొఫెసర్, అలసిపోయారా?" అని ఒక స్టూడెంట్ అమ్మాయి. తెలియదన్నాను.

నవంబర్ 5
ఎదురింటి ఫరీదా ఫోన్. ఎత్తలేదు.

నవంబర్ 6
ఎత్తాను. ఎలక్షన్‌లో రవి కోసం వానలో ఈ వీధంతా తలుపులు తట్టిన మనిషి. "రవి భాయ్ మాటిచ్చిండు కదా సుధా. ఇంకెన్నేండ్లు గ్యారేజ్‌లనే నమాజ్ చేసుకుంటం?" ఇచ్చాడు, అన్నాను.

నవంబర్ 8
మసీదు ఓటు సంగతి కారులో అడిగాను. "పార్కింగ్ ఇష్యూ ఉంది" అన్నాడు రవి.
"గుడికీ అదే ఇష్యూ. అప్పుడు కౌన్సిల్‌కి నువ్వే సర్దిచెప్పావ్."
"అప్పుడు వేరు."
పాలు, బ్రెడ్ కొనుక్కుని వచ్చేశాం.

నవంబర్ 10
సిటీ హాల్. ఫరీదా ముందు వరసలో, నేను వెనక. ఓట్లు అటు మూడు, ఇటు మూడు. చివరగా రవి. "నో." మైక్‌లో మెల్లగా.
అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా వీధి మూలింటి తెల్ల ముసలాయన. ఎలక్షన్‌లో రవిని మీ దేశానికి పొమ్మన్న ఆయనే. వచ్చి చెయ్యి చాచాడు. రవి అందుకున్నాడు. రెండు చేతులతో.
ఫరీదా కోటు వేసుకుంటూ ఒక్కసారి నా వైపు చూసింది. అంతే.

నవంబర్ 12
ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. క్లాసు తీసుకున్నాను.

నవంబర్ 13
"నెక్స్ట్ టైమ్ మేయర్‌కి నిలబడమంటున్నారు" — అన్నం తింటూ రవి. ఇంకొంచెం పప్పు వేశాను.

నవంబర్ 15
ఫరీదా వాకిట్లో ఆకులు ఊడుస్తోంది. వెళ్ళాను. చేతిలో పని ఆపింది.
"నువ్వైతే ఏం ఓటేస్తుంటివి?"
"ఎస్ అని."
"నాకెందుకు చెప్తున్నవ్? ఆయనకి చెప్పినవా?"
కాళ్ళ కింద తడి ఆకులు. మా ఇంట్లో రవి ఎవరితోనో ఫోన్‌లో నవ్వుతున్నాడు. వీధిలోకి వినబడుతోంది. చెప్పలేదన్నాను. ఆమె మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.