నచ్చలేదని చెప్పడానికి షాంఘై వెళ్ళాం

అక్టోబర్ 11, 2015. ఆదివారం. చాండ్లర్, అమెరికా.

షాంఘై నాకు నచ్చకూడదు. తర్వాత మాట మార్చకుండా ముందే రాసి పెట్టుకుంటున్నాను.

మా ఆయన రాఘవులు పనిచేసే చిప్ కంపెనీ ఆయన్ని మూడేళ్ళు షాంఘైలో ఉండమంటోంది. ఒప్పుకునే ముందు భార్యాభర్తలిద్దరినీ పంపి ఊరు చూపించడం వాళ్ళ ఆనవాయితీ. లుక్-సీ ట్రిప్ అంటారు. టికెట్లు, హోటల్, తిప్పి చూపించే గైడ్, అన్నీ వాళ్ళవే. పెళ్ళిచూపుల్లాంటిదే, కాకపోతే ఇక్కడ పిల్ల ఒక ఊరు. తిరిగొచ్చాక మంగళవారం ఈయన మేనేజర్‌కి జవాబు చెప్పాలి.

అదే మంగళవారం నేనూ ఒకరికి జవాబు చెప్పాలి. ఎనిమిదేళ్ళు ఉద్యోగం చెయ్యనివ్వని హెచ్-ఫోర్ వీసా మీద ఇంట్లో కూర్చున్నాక, ఈ ఏడాది రూల్ మారి నాకు వర్క్ పర్మిట్ కార్డు వచ్చింది. దాన్ని పట్టుకుని ఏడ్చాను కూడా. టెంపేలో నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ ఒకటి నన్ను అనలిస్ట్‌గా తీసుకుంటానంది. నవంబర్ రెండున చేరాలి. గుంటూరులో మైక్రోబయాలజీ చెప్పిన త్రివేణి మేడమ్, అంటే నేనే, ఏమైపోయిందో నాకే తెలియని పరిస్థితిలో వచ్చిన ఆఫర్ ఇది. షాంఘై వెళ్తే కార్డూ పోతుంది, ల్యాబూ పోతుంది.

ఈయనకి తెలియక కాదు. ఆఫర్ వచ్చిన రోజు కంగ్రాట్స్ అన్నారు, స్వీట్ తిన్నారు. షాంఘై మాట వచ్చాక ల్యాబ్ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఊరు నచ్చలేదంటే గొడవే ఉండదు. పొగ, జనం, తిండి. ఈ వంకలు చాలు.

అక్టోబర్ 14. బుధవారం. ఎయిర్‌పోర్ట్.

మా అమ్మాయి వర్షని తెలిసిన దమయంతి గారింట్లో దింపాం. ఆవిడ పిజ్జా చేస్తానన్నారని అది వెనక్కి తిరిగి కూడా చూడలేదు. సూట్‌కేస్‌లో బియ్యం, గోంగూర పచ్చడి, రైస్ కుక్కర్. కుక్కర్ ఈయనే ప్యాక్ చేశారు. చైనాలో నా తిండి పూచీ తనదన్నారు.

అక్టోబర్ 15. గురువారం. షాంఘై.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి ఒక రైలుంది. పట్టాలు తాకకుండా గాల్లో పోతుంది. బోర్డు మీద స్పీడు అంకెలు పెరుగుతుంటే నేను ఈయన చెయ్యి పట్టుకున్నాను. గంటకి నాలుగు వందల కిలోమీటర్లు దాటింది. రైలు పెట్టె అటూ ఇటూ కదిలిందేమో గాని నా ఒళ్ళో బ్యాగు కదల్లేదు. నోరు తెరుచుకుని చూస్తున్నానని నాకే తెలిసి మూసుకున్నాను.

పర్లేదు. రైలు ఊరు కాదు.

అక్టోబర్ 16. శుక్రవారం. ఉదయం.

కుక్కర్ పేలింది.

బియ్యం కడిగి పెట్టాను. ఈయన ప్లగ్‌కి అడాప్టర్ తగిలించి, మీట నొక్కి, ఇక చూసుకో అన్నట్టు నిలబడ్డారు. టప్‌మంది. గదంతా కాలిన ప్లాస్టిక్ వాసన, లైట్లు కూడా పోయాయి. అమెరికా కుక్కర్‌కి నూట పది వోల్టులు, ఇక్కడ గోడలో రెండు వందల ఇరవై. అడాప్టర్ ప్లగ్ ఆకారం మారుస్తుంది గాని కరెంటుని మార్చదు. ఈ మనిషి ఎలక్ట్రికల్‌లో మాస్టర్స్. పుట్టి పెరిగిన తెనాలిలో ఉన్నదీ ఈ కరెంటే! మనకి అమెరికా ఎంత ముదిరిందో అన్నాను. ఆయన తడి బియ్యం వంక చూస్తూ నిలబడ్డారు.

హోటల్ ఆవిడ వచ్చి కిటికీలు తెరిచి, కుక్కర్‌ని చూసి పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఈయన ఒక్కరే నవ్వలేదు.

రాత్రి.

ఆకలేసి వీధిలో పడాల్సి వచ్చింది, అసలు తప్పంతా కుక్కర్‌దే. మా గైడ్ పేరు లిన్. ఆ అమ్మాయి ఒక చిన్న కొట్టు ముందు నిలబెట్టి, ఆకుకూర పెట్టి ఆవిరి మీద ఉడికించిన బన్ను చేతిలో పెట్టింది. మాంసం లేదని రెండుసార్లు అడిగి చెప్పింది. బ్యాగులో తెచ్చుకున్న గోంగూర నంజుకుని తిన్నాను. మళ్ళీ తిన్నాను. లిన్ కూడా వేలితో గోంగూర రుచి చూసి, కళ్ళు మూసుకుని, ఇంకాస్త కావాలంది. తిండి వంక పోయింది.

తర్వాత పాత వీధులు చూపించింది. రెండు వైపులా చెట్లు మీదికి వంగి పందిరి వేశాయి. ప్రతి కిటికీ నుంచీ వెదురు కర్రలు బయటికి, వాటి మీద చొక్కాలు, దుప్పట్లు, లోపలి బట్టలతో సహా! చాండ్లర్‌లో పెరట్లో ఒక్క తువ్వాలు ఆరేస్తే మా కాలనీ అసోసియేషన్ నోటీసు పంపిస్తుంది, అంత ఎండ పెట్టుకుని. ఇక్కడ ఆకాశమెత్తు టవర్ల పక్కనే హాయిగా బట్టలు ఆరుతున్నాయి. ఎవరికీ సిగ్గు లేదు. ఎంత బాగుందో.

మెట్రోలో జనం ఉన్నారు. అయితే ఏం, మనుషుల మధ్య నిలబడి ఎన్నాళ్ళయింది. మాకు పాలు కావాలన్నా కారు తియ్యాలి.

అక్టోబర్ 17. శనివారం. ఉదయం.

మిగిలింది పొగ ఒక్కటే. ఇవాళ ఆకాశం నీలంగా ఉంది.

సాయంత్రం.

పార్కులో పెళ్ళిళ్ళ సంత చూశాం. తల్లులు, తండ్రులు గొడుగులు తెరిచి నేల మీద వరసగా పెట్టి, వాటికి కాగితాలు గుచ్చి కూర్చున్నారు. పుట్టిన ఏడు, ఎత్తు, చదువు, ఉద్యోగం. మన బయోడేటాలే! గోత్రం ఒక్కటే తక్కువ. నాకు పుట్టింటికి వచ్చినట్టుంది. ప్రతి గొడుగు దగ్గరా ఆగి లిన్ చేత చదివించుకున్నాను. ఒకావిడ నన్ను కిందికీ మీదికీ చూసి, పెళ్ళి కాని తమ్ముడున్నాడా అని అడిగించింది. లేడన్నాను. అయితే నువ్వేం చేస్తావు అంది. ఆడపిల్లల కాగితాల మీద కూడా ఉద్యోగం పై వరసలోనే ఉందక్కడ.

నీళ్ళ ల్యాబ్‌లో పనిచేస్తానన్నాను. చేస్తాననే అన్నాను. లిన్ చైనీస్‌లో చెప్పింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపేసి ఏదో అంది. మంచి ఉద్యోగమట, నీళ్ళు ఎవరికి అక్కర్లేదని అందట. ఈయన పక్కనే ఉన్నారు. గొడుగులు చూస్తున్నట్టు తల తిప్పుకున్నారు.

ఈ ఊరంటే ఇప్పుడు భయమేస్తోంది. బాగుండడం వల్లే భయం. ఇన్ని చూశాక మంగళవారం నచ్చలేదని ఏ మొహంతో చెప్పను? నచ్చిందంటే ల్యాబ్ గతి ఏం కాను?

అక్టోబర్ 18. ఆదివారం.

సాయంత్రం లిన్ సెలవు తీసుకుంది. మేమిద్దరం బల్లకట్టు లాంటి ఫెర్రీ ఎక్కాం. సైకిళ్ళవాళ్ళు, కూరల సంచులతో ఆడవాళ్ళు, మేము. నది మధ్యకి వచ్చేసరికి రెండు గట్ల మీదా దీపాలు వెలిగాయి. ఇటు పాత రాతి మేడలు బంగారం రంగులో, అటు కొత్త టవర్లు రంగురంగుల్లో. నా ఒంటి మీద ప్రతి రోమం లేచింది. మనుషులే కట్టారు కదా ఇదంతా అన్నాను పైకే.

అప్పుడు ఈయన నెమ్మదిగా అడిగారు, నీకు ఊరు నచ్చలేదని మేనేజర్‌తో చెప్పెయ్యనా అని.

నాకు ముందు అర్థం కాలేదు. అడిగితే బయటికొచ్చింది. ఈయనకీ రావాలని లేదు. కొత్త ఫ్యాక్టరీ, కొత్త టీమ్, నలభై ఆరేళ్ళొచ్చాక మళ్ళీ మొదటి నుంచీ నిరూపించుకోవాలంటే భయంగా ఉందట. ఆ మాట తను చెప్తే ఫ్లెక్సిబుల్ కాదని ముద్ర పడుతుందట. భార్యకి నచ్చలేదంటే మాత్రం ఎవరూ ఏమీ అడగరట. ఈయన ఆఫీసులో శ్యామ్‌సుందర్ ఐర్లండ్ పోస్టింగ్ అలాగే తప్పించుకున్నాడు, చలి భార్య చాముండేశ్వరికి పడదని చెప్పి. చాముండేశ్వరిని ఐర్లండ్ తీసుకెళ్ళనే లేదు. అసలు ఈ లుక్-సీ ట్రిప్పులు అందుకే ఉన్నాయి కాబోలు, భార్యల నెత్తిన పెట్టడానికి.

ఒళ్ళు మండిపోయింది. నేనూ ఆ అబద్ధం చెప్పాలనే బయల్దేరాను, ఒప్పుకుంటాను. కానీ నా నోటితో నేను చెప్పడం వేరు, నా పేరు మీద ఈయన చెప్పడం వేరు. ఎనిమిదేళ్ళు అన్ని ఫారాల మీదా డిపెండెంట్ అని రాయించుకున్నాను, ఇప్పుడు మీ భయం కూడా నేనే మొయ్యాలా అన్నాను. గట్టిగానే అన్నాను, తెలుగులో. కూరల సంచి ఆవిడ ఈయన వంక జాలిగా చూసింది.

ఇంకా అన్నాను. ఈ ఊరు నాకు నచ్చింది. నేను రాను. రెండూ నిజమే. నాకు అక్కడ ఉద్యోగం ఉంది. కారణం కావాలంటే ఆ మాట చెప్పండి, చెప్పలేకపోతే మీ భయం సంగతి చెప్పండి. షాంఘైని మాత్రం అనకండి.

ఆయన గట్టు మీద దిగాక మళ్ళీ ఆ ఫెర్రీకే టికెట్లు కొన్నారు. ఇంకోసారి నది దాటాం. రైలింగ్ పట్టుకుని పక్కపక్కనే నిలబడ్డాం. అంత అందం నేనెప్పుడూ చూడలేదు. కోపంగా ఉన్నా చూస్తూనే ఉన్నాను.

అక్టోబర్ 19. సోమవారం. శాన్ ఫ్రాన్సిస్కో.

జీమెయిల్ చైనాలో బ్లాక్, తెరుచుకోలేదు. ఇమిగ్రేషన్ లైన్‌లో తెరుచుకుంది. ల్యాబ్‌కి యెస్ అని పంపించి, ఫోన్ ఈయనకి చూపించాను. చదివి తిరిగి ఇచ్చారు. రేపు ఏం చెప్తారని నేను అడగలేదు.

అక్టోబర్ 20. మంగళవారం. చాండ్లర్.

మేనేజర్ ఫోన్ హాల్లో స్పీకర్‌లో ఉంది. నేను వంటింట్లో గ్యాస్ ఆపేసి విన్నాను. షాంఘై వెళ్ళలేనన్నారు. మీ మిసెస్‌కి ఊరు నచ్చలేదా అన్నాడతను. చాలా నచ్చిందన్నారు ఈయన. అప్పుడు మై వైఫ్ హ్యాజ్ ఎ జాబ్ హియర్ అన్నారు.

అతను సరే అని వేరే సంగతిలోకి వెళ్ళిపోయాడు. ఈయన అతన్ని మధ్యలో ఆపి మళ్ళీ అదే మాట అన్నారు.