పన్ను కాగితంలో నా జబ్బు

డిసెంబర్ 15

పొద్దున ఇడ్లీ తింటూ ఆయన ఫోన్ చూసుకుని ఆగిపోయాడు. ఇన్‌కం టాక్స్ వాళ్ల మెసేజ్ అట. మీరు చూపిన మినహాయింపులు సరిచూసుకోండి, తప్పుంటే నెలాఖరులోగా దిద్దుకోండి అని.

"ఏం రాయించినవ్?"

"రిటర్నులు ఏసే మల్లేశం చూసుకున్నడు గదా అన్ని. నేను చూస్త తియ్."

రెండో ఇడ్లీ ముట్టకుండానే బడికి పోయాడు.

డిసెంబర్ 16

టిఫిన్ డబ్బా కడుగుదామని ఆయన సంచి తెరిచాను. టాక్స్ రిటర్న్ ప్రింట్... మడతలు పెట్టి, అడుగున. ఊరికే తిరగేశాను. వైద్య ఖర్చు, నలభై వేలు. ఎవరికి — ఆధారపడిన వ్యక్తికి. జబ్బు పేరు — క్యాన్సర్.

ఈ ఇంట్లో ఆయన మీద ఆధారపడింది నేనొక్కదాన్నే.

డిసెంబర్ 17

కాగితాలు నా చీరల కింద ఉన్నాయి. ఆయన సంచి రెండుసార్లు బోర్లించి వెతికాడు. ఏమిటని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఈసారి పండక్కి బతుకమ్మ ఎత్తుతుంటే చంకలో తగిలింది గడ్డ. దసరా పోయాక దవాఖానలో సూది పరీక్ష. రిపోర్టుకు నన్ను రావద్దన్నాడు. ఒక్కడే పోయి వచ్చి, చెప్పులైనా విప్పకుండా — "ఏం లేదు, కొవ్వు గడ్డ." చూపించమని ఎందుకు అడగలేదు నేను?

ప్రింట్ మీద సంవత్సరం 2025-26. అంటే ఇదే. నా పరీక్ష జరిగిన సంవత్సరమే.

డిసెంబర్ 18

ఆయన కూర బాగుందన్నాడు. ఎప్పుడూ అనడు.

అద్దం ముందు చెయ్యెత్తి చూసుకున్నాను. పెరిగిందా... తగ్గిందా... వేలికి ఒక్కోసారి ఒక్కోలా తగులుతోంది.

డిసెంబర్ 19

ఇంక ఉండలేక షబానా దగ్గరికి పోయాను. పక్క గల్లీనే, ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తుంది. కాగితం చదివి నా మొహం చూసింది.

"అక్కా, నీ తబియత్ బాగలేదా?"

"గదే నిన్ను అడుగుదామని వచ్చిన."

కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నీ పరీక్ష ఎప్పుడైంది?"

"దసరా తర్వాత. గీ సంవత్సరమే గదా రాసింది?"

"కాదక్కా. గిది అసెస్‌మెంట్ ఇయర్. లెక్క చూసే సంవత్సరం. జీతం, ఖర్చు అన్నీ దాని ముందు సంవత్సరంవి. పోయిన మార్చితోని ఖతం." కింద తేదీ మీద వేలు పెట్టింది. "సారు రిటర్న్ ఏసింది ఆగస్టుల."

ఆగస్టులో గడ్డ సంగతి నాకే తెలియదు. ఆయనకెలా తెలుస్తుంది?

2025-26 అని రాసి 2024-25 అని చదువుకోవాలట. మూడు రోజులు నా ప్రాణం తీసింది ఈ ఒక్క అంకె. సరే, నాది కాదు. మరి ఎవరి జబ్బు రాశారు?

డిసెంబర్ 20

కాగితాలు ఆయన ముందు పెట్టాను. "ఏందిది?"

కాగితాల మడతలు సాపు చేశాడు. తర్వాత చెప్పాడు. ఆగస్టులో మల్లేశం ఫోన్ చేశాడట. ఇంట్ల ఎవరికన్న పానం బాగలేదని రాస్తే రిఫండ్ ఎక్కువొస్తది సారూ, అందరు రాయిస్తున్నరు అని. ఈయన సరే అన్నాడట.

"ఏ జబ్బని అడగలేదా?"

"అడగలే. మొన్న ప్రింట్ తీస్తే తెలిసింది."

"దసరాకు నాకు గడ్డ వచ్చినప్పుడు?"

తల దించుకున్నాడు. "నేను సరే అన్నందుకే వచ్చిందనుకున్న స్వరూపా. అందుకే రిపోర్టుకు నిన్ను రానియ్యలే. ఏమన్న ఉంటె ముందుగాల నేనే వినాలె అనిపించింది."

కోపం వచ్చింది. అయినా మంచినీళ్లు ఇచ్చాను. ఇచ్చాక, ఎందుకిచ్చానా అనిపించింది.

డిసెంబర్ 21

మల్లేశం ఫోన్ ఎత్తడు.

డిసెంబర్ 22

ఇద్దరం షబానా ఆఫీసుకు. రివైజ్డ్ రిటర్న్, అంటే తప్పు దిద్ది మళ్లీ వేయాలట. ఎక్కువగా వచ్చిన రిఫండ్ వెనక్కి కట్టాలి, పైన వడ్డీ.

"గిప్పుడే దిద్దుకుంటె నయం సార్. నోటీసొచ్చినంక పెనాల్టీ సుత పడ్తది."

"నేను రాయలే గదమ్మా, మల్లేశం రాసిండు."

"సంతకం లెక్క ఓటీపీ ఇచ్చింది మీరే గదా సార్."

షబానా స్క్రీన్ నా వైపు తిప్పి, "చూడక్కా, తీసేస్తున్న" అంది. జబ్బు పేరు పోయింది. ఒక్క మీట. ఏంటో, ఒళ్లు తేలికైనట్టయింది. నిజంగానే నయమైనట్టు! పిచ్చి.

డబ్బు కట్టాం. ఆయన ఓటీపీ చదివాడు. అయిపోయినట్టేనా అని షబానాను అడిగితే, "టాక్స్ ఆళ్లు చూసి ఒప్పుకోవాలె గదా" అంది.

డిసెంబర్ 24

మధ్యాహ్నం అడిగాను. "నా రిపోర్టు చూపియ్యి."

"బడిల, నా బీరువాల ఉన్నది."

"బడిల ఎందుకు పెట్టినవ్?"

"ఇంట్ల పెట్టబుద్ధి కాలే."

రేపు, ఎల్లుండి క్రిస్మస్ సెలవులు. శనివారం తెస్తాడట. ఏం లేదనే కదా చెప్పాడు... గడ్డ కూడా కొంచెం చిన్నదైనట్టే ఉంది. అనుకుంటా.

శనివారం ఎన్నింటికి వస్తావని అడిగాను.

"ఎప్పటి లెక్కనే."

నా వైపు చూడలేదు.