మీ అన్న కూడా మానీసినాడు

ఒసే ఉషా,

సేపల కూర దించీసినాను. పిల్లి తిరగతన్నాది, మూత మీద రాయి తీకు. బుల్లిది బడి నుండి రాగానే అన్నం ఎట్టు.

నాను మీ అన్న ఎర్రయ్యతో శ్రీకాకుళం ఎల్తన్నాను. కంగారు పడకు, మందు మాన్పించే డాక్టరమ్మ కాడికే. ఒక్కన్నే మానబోయి మూడుసార్లు సేతులొణికి మళ్ళీ తాగీసినాను కదా? "ఒక్కడివే ఉన్నపళంగా మానీకు, పేణం మీదికొస్తాది. మాత్రలిస్తాను, తోడుగా ఓ మనిషిని తెచ్చుకో" అని మొన్న ఆవిడ సెప్పినాది. ఎవుల్ని అడగాలన్నా సిగ్గేసినాది. ఇయ్యాల ఒడ్డున వల బాగుసేత్తా మీ అన్ననే అడిగీసినాను. పగలబడి నవ్వినాడే!

"బావా, నాను మానీసి ఏడు నెల్లయినాది. మళ్ళీ తాగితే నవ్వుతారని ఎవులికీ సెప్పనేదు" అన్నాడు.

పండక్కి నానిచ్చిన గ్లాసు ముట్టకపోతే ఆడికి గర్వమనుకున్నానే! ఇద్దరం ఇసకలో సిన్నపిల్లల్లాగ గెంతులేసినాము. మానీసినోళ్ళంతా బుధారం బుధారం కూడతారంట, ఆ మీటింగుకి నన్నూ తీసుకెల్తాడంట.

నీ మొగుడు గురువులు

ఎదురుగా సెప్తే నువ్వేడుస్తావు, నాకు బస్సెల్లిపోద్ది. అందుకే రాసినాను. వచ్చే బుధారం ఇంటోళ్ళని కూడా తెమ్మన్నారంట. వస్తావా? అందరి ముందూ తిట్టినా పర్లేదు, నా పక్కన కూకుని తిట్టు.